మూడో రిచర్డ్ మీద రెండు నవలలు: ఏది ఎందుకు చదవాలి, ఎక్కడ నమ్మకూడదు

మూడో రిచర్డ్ ఇంగ్లండును ఏలింది రెండేళ్ల రెండు నెలలు, 1483 జూన్ 26 నుంచి 1485 ఆగస్టు 22 దాకా. చెడ్డపేరు మాత్రం ఐదు వందల ఏళ్లు దాటినా పోలేదు. అన్న కొడుకులు ఇద్దరు, 12 ఏళ్ల ఐదో ఎడ్వర్డ్, 9 ఏళ్ల రిచర్డ్, లండన్ టవర్‌లో ఉండగా 1483లో కనిపించకుండా పోయారు. గద్దె చిన్నాన్నకు దక్కింది. థామస్ మోర్ రాసిన చరిత్ర, తర్వాత షేక్‌స్పియర్ నాటకం కలిసి అతన్ని గూనివాడిగా, పసిపిల్లల్ని చంపించిన రాక్షసుడిగా నిలబెట్టేశాయి. ఆ బొమ్మను చెరిపేయాలని వచ్చిన నవలల్లో ఎక్కువమంది చదివినవి రెండు: షారన్ కే పెన్‌మన్ ‘ద సన్ ఇన్ స్ప్లెండర్’ (1982), జోసఫిన్ టే ‘ద డాటర్ ఆఫ్ టైమ్’ (1951).

పెన్‌మన్ పుస్తకం 900 పేజీలకు పైనే. రిచర్డ్ చిన్నతనంతో మొదలై, అతను ప్రాణం విడిచిన బాస్‌వర్త్ యుద్ధం దాటేదాకా నడుస్తుంది. సగం పుస్తకం వరకు అసలు కథానాయకుడు రిచర్డ్ కాదు, అన్న నాలుగో ఎడ్వర్డ్. అదే ఈ నవలకు బలం. రిచర్డ్ ఎవరికి విధేయుడిగా పెరిగాడో, ఆ విధేయతకు ఏం ఖరీదు కట్టాడో పాఠకుడికి తెలిశాకే 1483 వస్తుంది. మధ్య అన్న క్లారెన్స్ అసూయ, ఎడ్వర్డ్ రాణి ఎలిజబెత్ వుడ్‌విల్ బంధువర్గం ఎదుగుదల, ఆన్ నెవిల్‌తో రిచర్డ్ పెళ్లి, అన్నీ తీరిగ్గా సాగుతాయి.

యుద్ధాలు చెప్పడంలో పెన్‌మన్‌కు సాటి వచ్చేవాళ్లు తక్కువ. నాలుగో ఎడ్వర్డ్‌కూ, అతని మీద తిరగబడ్డ పాత మిత్రుడు వార్విక్ ఎర్ల్‌కూ 1471 ఏప్రిల్ 14న జరిగిన బార్నెట్ యుద్ధమే చూడండి. తెల్లవారుజామున దట్టమైన మంచు. తమ ముందున్న శత్రువుల్ని తరిమి వెనక్కి తిరిగొచ్చిన, వార్విక్ పక్షాన ఉన్న ఆక్స్‌ఫర్డ్ ఎర్ల్ మనుషుల గుర్తు కిరణాలు చిమ్మే నక్షత్రం. ఎడ్వర్డ్ గుర్తు కిరణాలు చిమ్మే సూర్యుడు. ఆ మంచులో ఒకటి చూసి ఇంకొకటి అనుకుని వార్విక్ సేన సొంతవాళ్ల మీదే బాణాలు వేసింది. ద్రోహం, ద్రోహం అని కేకలు లేచాయి, వార్విక్ వరస కూలిపోయింది. నవల పేరులోని సూర్యుడు కూడా ఎడ్వర్డ్ ధరించిన ఆ గుర్తే.

ఇక అసలు పరీక్ష. రిచర్డ్ మీద ఏ నవల పట్టుకున్నా 78 రోజుల్ని ఎలా దాటిందో చూడాలి. 1483 ఏప్రిల్ 9న అన్న చనిపోయాడు. ఏప్రిల్ 30న కుర్రరాజు ఐదో ఎడ్వర్డ్ వెంట వస్తున్న మేనమామ రివర్స్‌ను రిచర్డ్ బంధించాడు. జూన్ 13న అన్నకు ప్రాణమిత్రుడైన హేస్టింగ్స్ తల విచారణ లేకుండా తీయించాడు. 16న వెస్ట్‌మిన్‌స్టర్ చర్చి ఆశ్రయంలో తల్లి దగ్గరున్న చిన్నకొడుకును బయటికి రప్పించాడు. 25న పాంటిఫ్రాక్ట్‌లో రివర్స్‌ను చంపించారు. 26న తనే రాజయ్యాడు. ఏ ఒక్క అడుగుకైనా విడిగా సంజాయిషీ దొరుకుతుంది. వరసగా పేర్చి చూస్తే ఎవరో తోస్తుంటే నడిచిన మనిషి చేసిన పనుల్లా ఉండవు. పెన్‌మన్ రిచర్డ్ ప్రతి మలుపులోనూ బాధపడతాడు, ఇంకో దారి లేక చేస్తాడు. బాధపడనివ్వండి, తప్పులేదు. ఆశ కూడా పడి ఉంటాడు కదా? ఆ ఆశ ఈ పేజీల్లో సరిగా కనిపించదు. రచయిత్రికి అతని మీద ఉన్న ప్రేమ ఇక్కడే అడ్డం వచ్చింది.

పిల్లల హత్యను ఆమె, రిచర్డ్ గద్దెనెక్కడానికి తోడ్పడ్డ బకింగ్‌హామ్ డ్యూక్ మీద పెట్టారు. అది గాలిలోంచి తీసిన ఊహ కాదు. అదే ఏడాది అక్టోబరులో అతను రిచర్డ్ మీద తిరగబడ్డాడు, నవంబరు 2న సాల్స్‌బరీలో తల పోగొట్టుకున్నాడు. అయితే చిక్కు ఒకటుంది. బకింగ్‌హామే చేయించి ఉంటే, అతను ద్రోహిగా చచ్చాక నేరం అతని మీద వేసి బయటపడటం రిచర్డ్‌కు చాలా తేలిక. ఆ పని అతను చేయలేదు. ఆ మౌనానికి నవల చెప్పుకునే కారణాలు భావోద్వేగంగా బాగున్నాయి, రాజనీతిగా నిలవవు.

టే నవల తీరే వేరు. కాలు విరిగి ఆసుపత్రి మంచంలో ఉన్న అలన్ గ్రాంట్ అనే పోలీసు అధికారి రిచర్డ్ చిత్రపటం చూసి, ఈ ముఖం హంతకుడిది కాదనుకుని పాత కాగితాలు తవ్విస్తాడు. మొత్తం 200 పేజీల చిల్లర, ఒక్క పూటలో అయిపోతుంది. సాక్ష్యాన్ని నిలదీయడం ఇంత హాయిగా నేర్పే నవల అరుదు. మోర్ 1478లో పుట్టాడు, ఈ ఘటనల నాటికి ఐదేళ్ల పిల్లాడు, తర్వాత పెరిగింది రిచర్డ్‌కు బద్ధశత్రువైన మోర్టన్ అనే మతాధికారి ఇంట్లో. కాబట్టి అతని మాట కళ్లారా చూసినవాడి మాట కాదన్న వాదన గట్టిది.

బలహీనమైన వాదన మరొకటి: రిచర్డ్ బతికుండగా ఎవరూ ఈ హత్య అతనికి అంటగట్టలేదనడం. ఆ ఏడాది లండన్‌లో ఉండి వెళ్లిన ఇటలీవాడు డొమినిక్ మాన్సిని 1483 డిసెంబరులోనే, కుర్రరాజును కడతేర్చారన్న అనుమానం జనంలో ఉందని రాశాడు. 1484 జనవరిలో ఫ్రాన్స్ ఛాన్సలర్ తూర్ నగరంలో జరిగిన సభలో బాహాటంగా ఆ మాటే అన్నాడు. బాస్‌వర్త్‌లో గెలిచి గద్దెనెక్కిన తొలి ట్యూడర్ రాజు ఏడో హెన్రీ 1485లో రిచర్డ్ మీద చేయించిన చట్టంలో పిల్లల పేర్లు లేకపోయినా ‘పసివాళ్ల రక్తం చిందించాడు’ అన్న ఆరోపణ ఉంది. మాన్సిని రాత 1936లోనే అచ్చయింది. అంటే 1951 నాటి నవల దాన్ని పట్టించుకోకపోవడానికి సాకు లేదు. పైగా ముఖం చూసి మనిషి గుణం చెప్పడం ఒక పరిశోధకుడు ఎన్నడూ చేయకూడని పని. ఆ చిత్రపటం కూడా రిచర్డ్ పోయిన చాలా ఏళ్లకు వేసిందే.

దేహం సంగతికొస్తే రెండు నవలలకూ కాలం చెల్లింది. 2012లో లెస్టర్‌లో కార్ పార్కు కింద రిచర్డ్ అస్థిపంజరం దొరికింది. వెన్ను పక్కకు బాగా వంగింది, కానీ గూని లేదు, ఎండిపోయిన చెయ్యీ లేదు. కుడి భుజం ఎత్తుగా ఉండేది, మోర్ ఎడమది అని రాశాడు. చనిపోయేటప్పుడు తగిలిన 11 గాయాల్లో 9 తలకే. కాబట్టి అంగవైకల్యం మొత్తం ట్యూడర్ల కట్టుకథ అని ఏ నవలలో కనిపించినా నమ్మకండి. సగం కల్పించారు, సగం ఉన్నదాన్ని పెంచారు.

పెన్‌మన్ పాత్రలు కావాలని పాతకాలపు ఇంగ్లిష్ మాట్లాడతాయి. మొదటి 50 పేజీలు విసుగొస్తుంది, తర్వాత అలవాటవుతుంది. పదిహేనో శతాబ్దపు ఇంగ్లండులో బూడిదరంగు ఉడుతను పెట్టిన పొరపాటు ఆమెనే చాలాకాలం బాధించింది. అది ఉత్తర అమెరికా జంతువు, బ్రిటన్‌కు చేరింది పంతొమ్మిదో శతాబ్దంలో. ఇంత వెతికినా దొరికిన తప్పు అలాంటిదంటే, మిగతా శ్రద్ధ ఏ పాటిదో ఊహించుకోవచ్చు.

చదివే వరస ఇలా పెట్టుకోండి. ముందు గద్దె కోసం పోరాడిన రెండు రాజవంశ శాఖలు యార్క్ (రిచర్డ్‌ది), లాంకస్టర్‌ల వంశవృక్షం ఒక కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టుకోవాలి. ఎడ్వర్డ్‌లు, రిచర్డ్‌లు, ఎలిజబెత్‌లు అరడజను చొప్పున వస్తారు, పైగా ఒకే మనిషి ఒకచోట పేరుతో, ఇంకోచోట బిరుదుతో పలుకుతాడు. పెన్‌మన్‌ను నాలుగో ఎడ్వర్డ్ చనిపోయేదాకా చదివి ఆపండి. అక్కడ మాన్సిని రాసిన చిన్న వృత్తాంతం ఇంగ్లిష్ అనువాదంలో చదివి, తేదీలు పక్కన రాసుకుని, అప్పుడు నవలలో మిగిలింది అందుకోండి. టేను చివర్లో చదవండి. మొదటే చదివితే గ్రాంట్ తీర్పు మనసులో నాటుకుపోయి, పెన్‌మన్ వేసే ప్రశ్నలకు మన చెవి మూసుకుపోతుంది.