ఒకే కప్పు కింద రెండు కుటుంబాలు: తాడికొండ వైపు మా ఉమ్మడి ఇల్లు, ఇన్నేళ్లు ఉన్నాక

గుంటూరు నుంచి తాడికొండ వెళ్లే వైపు కొన్ని కుటుంబాలం కలిసి స్థలం కొని ఇళ్లు కట్టుకున్నాం. బోరు, కూరగాయల మడులు, పనిముట్ల గది అందరివీ. మా ఇంట్లో ఉండేది రెండు కుటుంబాలు, మేమూ మా చెల్లి వాళ్లూ. ఇన్ని ఎండలూ వానలూ చూశాక ఈ ఇంట్లో ఏది బాగుందో, ఏది బాగాలేదో ఇప్పుడు నమ్మకంగా చెప్పగలను.

ఇక్కడ నేల నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి దూరేంత నెర్రెలిస్తుంది. మామూలు పునాది అయితే గోడలు బీటలు వారతాయి. అందుకే అండర్ రీమ్డ్ పైల్స్, అంటే నేలలోకి లోతుగా దించి, అడుగున ఉబ్బెత్తుగా ఉండేలా పోసే కాంక్రీటు స్తంభాలు వేయించాం. ఖర్చు ఎక్కువే, కానీ రెండు కుటుంబాలు పంచుకోవడంతో భరించగలిగాం. ఇవాళ్టికీ ఒక్క బీట లేదు. ఈ నేలలో కట్టేవాళ్లు ఇంకెక్కడైనా తగ్గించుకోండి, పునాదిలో వద్దు.

గోడలు ర్యాట్ ట్రాప్ బాండ్‌లో కట్టించాం. మన దేశంలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ బాగా ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి కడతారు, గోడ మధ్యలో ఖాళీ మిగులుతుంది. ఇటుకలు దాదాపు పావు వంతు తగ్గుతాయి, ఆ ఖాళీ వల్ల వేడి లోపలికి త్వరగా రాదు. రోహిణి కార్తెలో కూడా పడమటి గదిలో సాయంత్రం కూర్చోగలుగుతున్నాం. గీజర్ లాంటి బరువులు ఎక్కడ తగిలిస్తారో మేస్త్రికి ముందే చెప్పి, అక్కడ ఖాళీ లేకుండా గట్టిగా కట్టించుకోవాలి.

అసలు సంగతి కలిసి ఉండటం. ఏది కలపాలి, ఏది విడిగా ఉంచాలి అన్నదాని మీదే ఇల్లు నిలబడింది. వంటిల్లు ఒకటి చాలదా అని చాలామంది అన్నారు. చెల్లి వాళ్ల అత్తగారికి కారం పడదు, మా ఇంట్లో కారం లేనిదే ముద్ద దిగదు. పొద్దున క్యారేజీల టైములూ వేరే. రెండు వంటిళ్లు పెట్టుకున్నాం కాబట్టే ఆ టెన్షన్ లేదు. వాషింగ్ మెషీన్, గ్రైండర్, వెనక పెద్ద వరండా ఉమ్మడివి. ఆవకాయ ఆ వరండాలోనే అందరం కలిసి కలుపుతాం.

రెండు వైపుల పడకగదుల మధ్య మెట్లూ స్టోరు గదీ వచ్చేలా ప్లాన్ గీయించాం. ఒకరి మాట ఇంకొకరికి వినపడదు. ఉమ్మడి ఇంట్లో ఇంతకంటే విలువైన సౌకర్యం నాకు తోచదు.

సోలార్ తర్వాత వచ్చింది. 2024లో ఇళ్ల మీద సోలార్‌కు సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎం సూర్యఘర్ మొదలయ్యాక పెట్టించాం. మూడు కిలోవాట్లకు 78,000 రూపాయల సబ్సిడీ ఉంది. కరెంటు మీటర్లు మొదటి నుంచీ విడివిడిగా ఉన్నాయి కాబట్టి ఎవరి బిల్లు వాళ్లదే, లెక్కల గొడవ లేదు. బ్యాటరీ లేకపోతే కరెంటు పోయినప్పుడు సోలారూ ఆగిపోతుందని గుర్తుంచుకోండి. ప్యానెళ్లను ఎత్తు స్టాండు మీద పెట్టించాం, లేకపోతే మిరపకాయలు, వడియాలు ఎండబెట్టుకోవడానికి డాబా మీద చోటే ఉండేది కాదు.

నాకు నచ్చనిది ఒక్కటే, వాడిన నీళ్ల ఏర్పాటు. స్నానాల నీళ్లు అరటి మొక్కలకు పోతాయి. ఎండాకాలం చక్కగా పనిచేస్తుంది. వానాకాలంలో ఈ రేగడిలో నీళ్లు ఇంకక మడి నిండిపోయి దోమలు చేరతాయి. మడి వెడల్పు చేసి, ఇసుక, గులకరాళ్లు పోయించి, ఎక్కువైన నీళ్లు పోవడానికి కాలువ తీయించే పని వానల్లోపు పూర్తి చేయాలి. ఖర్చు మళ్లీ సగం సగం.