అరకు యాత్ర: పది నిమిషాలంటే ఎంత దూరం?

సికింద్రాబాద్ నుంచి విశాఖపట్నానికి వందేభారత్‌లో దాదాపు 700 కిలోమీటర్లు ఎనిమిదిన్నర గంటల్లో చేరుకున్నాము. పెట్టెలోని తెరపై వేగం 130 దగ్గర నిలిచినప్పుడల్లా మా అబ్బాయి మురిసిపోయాడు గాని, 700ను ఎనిమిదిన్నరతో భాగిస్తే గంటకు 82 కిలోమీటర్లే వస్తుంది. తక్కినదంతా స్టేషన్లలో ఆగడానికీ, ఆగే ముందు తగ్గడానికీ, తరువాత మళ్ళీ పుంజుకోవడానికీ పోతుంది. సీట్లు, శుభ్రత బాగున్నాయి, భోజనం ఫరవాలేదు.

అసలు ప్రయాణం మరునాడు ఉదయం మొదలైంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు దించడానికి 1960లలో వేసిన కొత్తవలస–కిరండూల్ మార్గంలో అరకు సుమారు 130 కిలోమీటర్లు, ప్రయాణం నాలుగు గంటలు. శివలింగపురం దాటాక ఘాట్ మొదలవుతుంది. అక్కడ నేను, మా అబ్బాయి ఒక పని పెట్టుకున్నాము: పట్టాల పక్కన కరెంటు స్తంభాలపై రాసిన కిలోమీటరు అంకె ఒకటి మారినప్పుడు గడియారం చూసి, తరువాతి అంకె వచ్చేవరకు ఎన్ని సెకన్లయిందో లెక్కపెట్టి, 3600ను ఆ సంఖ్యతో భాగించడం. ఒక చోట 115 సెకన్లు పట్టింది, అంటే గంటకు 31 కిలోమీటర్లు. స్తంభాలనే లెక్కపెడితే సరిపోదా అని వాడు అడిగాడు. వంపుల్లో స్తంభాలను దగ్గర దగ్గరగా పాతుతారు కనుక ఆ లెక్క తప్పుతుంది. ఆ తరువాత సొరంగాలనూ కొలిచాము. పెట్టెలోని పిల్లలంతా కేకలు వేస్తున్న చీకటి 40 సెకన్లు ఉంటే, గంటకు 30 కిలోమీటర్ల లెక్కన ఆ సొరంగం సుమారు 330 మీటర్లు. ఈ మార్గంలో 58 సొరంగాలున్నాయి. పదో దానికే అబ్బాయికి విసుగొచ్చింది. అద్దాల విస్టాడోమ్ పెట్టె టికెట్టు ఖరీదెక్కువే అయినా, బండి నెమ్మదిగా ఎక్కుతుంది కనుక డబ్బుకు తగిన కాలం లోయ కనిపిస్తుంది. సముద్రమట్టానికి దాదాపు 1000 మీటర్ల ఎత్తున ఉన్న శిమిలిగూడ దాటిన కొద్దిసేపటికే అరకు చేరాము.

బసలో మాత్రం దెబ్బతిన్నాము. "స్టేషన్ నుంచి పది నిమిషాలే సార్" అని లాడ్జి వారు ఫోనులో చెప్పారు. ఆ మాట నమ్మి, చేతి సంచులే కదా అని కాలినడకన బయలుదేరాము. గంటకు పైగా నడిచాక చూస్తే అది ఐదు కిలోమీటర్లు. ఆటో గంటకు 30 చొప్పున పోతే ఐదు కిలోమీటర్లకు పట్టేది సరిగ్గా పది నిమిషాలే, కాబట్టి ఆయన అబద్ధమాడలేదని ఒప్పుకోవాలి. గది మామూలుగా ఉంది, వేడినీళ్ళు ఉదయం ఏడు దాటాక గాని రాలేదు. రాత్రి తెప్పించుకున్న బొంగు చికెన్ ఒక్కటే ఆ కోపాన్ని తగ్గించింది. గిరిజన మ్యూజియం తీరిగ్గా చూడదగినది. పద్మాపురం తోటకు గంట చాలు.

తిరుగు ప్రయాణానికి కారు మాట్లాడాము. రోడ్డు దూరం సుమారు 115 కిలోమీటర్లు. డ్రైవరు మూడు గంటల్లో దింపుతానన్నాడు. మొదటి సగం ఘాట్‌లో 25 చొప్పున, తక్కిన సగం మైదానంలో 50 చొప్పున పోతే సగటు ముప్పయి ఏడున్నర అని ఆయన లెక్క. కాని నెమ్మదిగా పోయే సగానికే 2 గంటల 18 నిమిషాలు పడుతుంది, రెండో సగానికి 1 గంట 9 నిమిషాలు చాలు. కాలమంతా ఘాట్‌లోనే కరిగిపోవడం వల్ల నిజమైన సగటు 33 దగ్గరే తేలుతుంది. మేము దిగేసరికి మూడున్నర గంటలయింది, రైలు సగటు కూడా దాదాపు అంతే. డ్రైవరు మాత్రం వంపుల్లో తొందరపడలేదు, అందుకు మా ఆవిడ అడగకుండానే వంద ఎక్కువిచ్చింది. సాయంత్రం విశాఖలో రైలెక్కవలసినవారు మధ్యాహ్న భోజనం కొండ దిగాకే పెట్టుకోవడం మేలు.