చెట్ల పనికి ఏది మేలు: బాబ్‌క్యాటా, ఆర్టిక్యులేటెడ్ లోడరా?

వేసవి గాలివానలు మొదలయ్యాయంటే హైదరాబాద్‌లో చెట్ల కాంట్రాక్టు చేసేవాళ్లు అడిగేది ఇదే: "జేసీబీ అద్దెలు భరించలేకపోతున్నాం, సొంతానికి చిన్న లోడర్ ఏది కొనమంటారు?" గేటెడ్ కమ్యూనిటీల్లో, కాలేజీ ఆవరణల్లో కొమ్మలు కొట్టించి, కూలిన తురాయి, పెల్టోఫోరం చెట్లను తీయించే వాళ్ల కోసం ఇది. చెట్లు కొట్టడానికి వాల్టా చట్టం కింద తీసుకోవాల్సిన అనుమతుల సంగతి మీకు తెలిసిందే.

పెద్ద బ్యాక్‌హో, అంటే మనం మామూలుగా జేసీబీ అనేది, ఏడు టన్నుల పైమాటే. విల్లాల మధ్య సందుల్లోకి దూరదు, దూరినా పేవర్ బ్లాకులు మిగలవు. మొదళ్లు పెకలించే రోజున అద్దెకు తెచ్చుకుంటే చాలు. ట్రాక్టర్ ముందు బిగించే లోడర్ మామిడి తోటలకు బాగుంటుంది, అంతే.

ఇక మిగిలింది మనం బాబ్‌క్యాట్ అనే స్కిడ్ స్టీర్, మధ్యలో మడత పడి తిరిగే ఆర్టిక్యులేటెడ్ మినీ లోడర్.

బరువెత్తడంలో, పనిముట్లు మార్చడంలో స్కిడ్ స్టీర్‌దే పైచేయి. చాలా కంపెనీల పనిముట్లు ఒకే రకం ప్లేటుకు తగులుకుంటాయి. మొదళ్లు అరగదీసే గ్రైండర్‌కు కావాల్సినంత హైడ్రాలిక్ ఆయిల్ ప్రవాహం కూడా ఎక్కువగా దీంట్లోనే దొరుకుతుంది. టైర్ల బండికి 600 కిలోల సామర్థ్యం అని రాశారంటే, అది బండి ముందుకు ఒరిగిపోయే బరువులో సగం. అయితే కొమ్మలు పట్టే గ్రాపుల్, మామూలు బకెట్ కన్నా ఎంత ఎక్కువ బరువుంటే అంతా అందులోంచి తీసేయాలి. రెండడుగుల లావు, ఆరడుగుల పొడవున్న పచ్చి నిద్రగన్నేరు దుంగ అర టన్ను దాకా తూగుతుంది. అంటే ఇంకా పొట్టిగా కోయించాల్సిందే.

అయినా నా లెక్కలో తేల్చేది బరువు కాదు, బండి తిరిగే తీరు. స్కిడ్ స్టీర్‌కు చక్రాలు పక్కకు తిరగవు. ఒక పక్క చక్రాలు వేగంగా, మరో పక్కవి నెమ్మదిగా తిరిగితే బండి నేలను ఈడ్చుకుంటూ మలుపు తీసుకుంటుంది. అది తిరిగిన చోట లాన్ చాపలా చుట్టుకుపోతుంది, పేవర్ల మూలలు లేస్తాయి. రబ్బరు ట్రాకులు వేస్తే నేల మీద ఒత్తిడి తగ్గుతుంది కానీ, మలుపులో చీల్చడం మాత్రం మానదు. చెట్టుకు నీళ్లు లాగే వేర్లలో ఎక్కువ భాగం పైన రెండడుగుల మట్టిలోనే, కొమ్మల నీడ దాటి కూడా పరుచుకుని ఉంటాయి. తడి నల్లరేగడి మీద బండి మొదటి రెండు మూడు సార్లు తిరగడంతోనే మట్టి చాలావరకు అణిగిపోతుంది. చెట్టును బాగుచేయడానికి వెళ్లి దాని వేర్లనే ఊపిరాడకుండా చేసి వస్తాం. ఆర్టిక్యులేటెడ్ బండికీ బరువుంది, కాబట్టి చెక్కపలకలు పరవాల్సిందే. కానీ ముందు చక్రాల జాడలోనే వెనక చక్రాలు నడుస్తాయి, నేలను రాయదు.

ఇంకోటి, షోరూంలో తట్టనిది. చాలా స్కిడ్ స్టీర్‌లలోంచి ముందు వైపు నుంచే దిగాలి, బరువెత్తే ఆర్మ్‌లు పైకి ఉంటే దిగకూడదు. మన పనిలో ఆపరేటర్ మాటిమాటికీ దిగి గొలుసు కట్టాలి, కొమ్మ సర్దాలి. ప్రతిసారీ దుంగను కిందికి దించి, దాన్ని దాటుకుంటూ రావాలి. ఆర్టిక్యులేటెడ్‌లో పక్కనుంచి దిగిపోతాడు.

దాని ఇబ్బందులు దానికీ ఉన్నాయి. పూర్తిగా మడిచినప్పుడు నిలకడ తగ్గుతుంది. బరువు ఎత్తిపట్టుకుని ఏటవాలులో మలుపు తిప్పితే పక్కకు పడే ప్రమాదం ఉంది. నడపడం వచ్చిన ఆపరేటర్లు తక్కువ, కొన్ని బ్రాండ్లకు విడిభాగాల కోసం ఎదురుచూడాలి. కాబట్టి రోజూ మొదళ్ల గ్రైండింగే మీ పనైతే, సైట్లన్నీ ఖాళీ లేఅవుట్లైతే బాబ్‌క్యాటే తీసుకోండి. లాన్లు, పేవర్లు, బతికుండాల్సిన చెట్ల కింద పనైతే నేను ఆర్టిక్యులేటెడ్ వైపే.

ఏది కొన్నా డెమో డీలర్ యార్డులో, కాంక్రీటు మీద చూడకండి. వాన పడిన మర్నాడు మీ సైటుకే తెప్పించండి. గ్రాపుల్‌తో మీ దుంగనే పట్టించి, నేలకు అడుగు ఎత్తులోనే ఉంచి, పూర్తిగా తిప్పించి చూడండి. ఆ తర్వాతే అడ్వాన్సు మాట ఎత్తండి.