1098 నుంచి ఇంటి గడప దాకా: బెజవాడ, గుంటూరు పిల్లల కార్యక్రమాలు వాడి చూశాక

బడి మానేసినవాళ్లు, ఇల్లు వదిలి రైలెక్కినవాళ్లు, షెడ్లలో పనికి కుదిరినవాళ్లు, వాళ్ల కుటుంబాలు. వీళ్ల కోసం ఈ రెండు ఊళ్లలో నడిచే కార్యక్రమాలను ఏళ్ల తరబడి వాడినవాళ్లం రాస్తున్న సమీక్ష ఇది. పిల్లాణ్ని గుర్తించి చేరదీయడం మన దగ్గర బాగానే జరుగుతుంది. ఇంటికి పంపాక నిలబెట్టడంలోనే తేలిపోతున్నాం. అందుకే గోడల మీది బొమ్మలకూ భోజనం మెనూకూ మార్కులు వేయలేదు. ఇంటికెళ్లిన ఆరు నెలలకు ఆ పిల్లాడు ఎక్కడున్నాడో అతణ్ని చేరదీసిన కేంద్రం చెప్పగలదా, లేదా అన్నదే కొలత.

ముందు 1098. ఐదుకు నాలుగు. ఆపదలో ఉన్న పిల్లల కోసం రాత్రీ పగలూ పనిచేసే ఉచిత నంబరు. 2023 నుంచి నేరుగా ప్రభుత్వం చేతిలో ఉంది, అత్యవసర నంబరు 112తో కలిపారు. ఫోన్ చేసేవాళ్లు చేసే పొరపాటు ఒకటే: "స్టేషన్లో ఒక బాబు ఉన్నాడు" అని పెట్టేస్తారు. విజయవాడ జంక్షన్‌లో పది ప్లాట్‌ఫారాలు. ఏ ప్లాట్‌ఫారం, ఏ బోగీ గుర్తు దగ్గర, చొక్కా రంగు, సుమారు వయసు, పక్కన పెద్దవాళ్లెవరైనా ఉన్నారా, ఏ భాష మాట్లాడుతున్నాడు: ఇవి చెప్పి, మనుషులు వచ్చేదాకా అక్కడే ఉండాలి. జాలిపడి ఇంటికి తీసుకెళ్లి నాలుగు రోజులు అన్నం పెట్టడం ధర్మమనుకుంటారు గానీ, 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఒంటరిగా దొరికిన పిల్లల సంగతి 24 గంటల్లోపు తెలియజేయకపోవడం నేరం.

తర్వాతి మెట్టు సీడబ్ల్యూసీ, అంటే జిల్లా బాలల సంక్షేమ కమిటీ. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో పిల్లాణ్ని అక్కడ హాజరుపరచాలి. కమిటీలో అధ్యక్షుడు కాక నలుగురు సభ్యులు. వాళ్ల ఉత్తర్వు లేనిదే తల్లి వచ్చి ఏడ్చినా పిల్లాణ్ని అప్పగించరు, అప్పగించకూడదు కూడా. తల్లిదండ్రులు మొదటిసారి ఖాళీ చేతులతో వస్తారు, మళ్లీ రమ్మంటారు, రెండో కూలి కూడా పోతుంది. ఆధార్, రేషన్ కార్డు, స్కూలు స్టడీ సర్టిఫికెట్, కుటుంబమంతా ఉన్న ఒక ఫోటో మొదటి రోజే తెమ్మని ఫోన్లోనే చెబితే సగం తిరుగుడు తప్పుతుంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో సింగ్‌నగర్ వైపు చాలా ఇళ్లలో ఈ కాగితాలన్నీ నీళ్లపాలయ్యాయి. అలాంటివాళ్లకు ముందు సచివాలయంలో ఆధార్ ప్రింటు తీయించండి, మిగతావి దాని వెంటే వస్తాయి.

ఏ జిల్లా అన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది, ఫైలు ఆగేది మాత్రం అక్కడే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయాక కృష్ణలంక ఎన్టీఆర్ జిల్లా, బ్యారేజీ దాటితే తాడేపల్లి గుంటూరు జిల్లా, బెంజి సర్కిల్ దాటి కానూరు, పోరంకి వైపు వెళితే కృష్ణా జిల్లా, మచిలీపట్నం కార్యాలయం. ఆటోనగర్ షెడ్డులో దొరికిన పిల్లాడి ఇల్లు పోరంకిలో ఉంటే సాయానికి దరఖాస్తు ఇల్లున్న జిల్లాకే పెట్టాలి. దొరికిన చోట పెట్టినవి నెలల తర్వాత తిరిగొచ్చిన సందర్భాలు మాకు తెలుసు.

ఇక డబ్బు. పిల్లల సంరక్షణకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన మిషన్ వాత్సల్య పథకంలో స్పాన్సర్‌షిప్ కింద నెలకు ₹4,000. భర్త పోయిన లేదా వదిలేసిన తల్లి దగ్గరున్న పిల్లలు, అమ్మమ్మ తాతల దగ్గర పెరిగే అనాథలు, తల్లిదండ్రులు ప్రాణాంతక జబ్బులో ఉన్నవాళ్లు అర్హులు. కుటుంబ ఆదాయం పల్లెల్లో ఏడాదికి ₹72,000, పట్టణాల్లో ₹96,000 దాటకూడదు. దరఖాస్తు జిల్లా బాలల పరిరక్షణ యూనిట్‌లో. పథకం మంచిదే, ఐదుకు మూడున్నర వేస్తాం. ఒకటిన్నర ఎందుకు తగ్గిందంటే: ఆధార్‌లో "వెంకట లక్ష్మి", స్కూలు రిజిస్టర్లో "వి.లక్ష్మి", బ్యాంకులో "లక్ష్మీ వెంకట" అని ఉంటే డబ్బు పడదు. ఖాతా ఏళ్లుగా వాడక నిద్రపోయి ఉంటే పడదు. దరఖాస్తుకు ముందే వంద రూపాయలు వేసి తీసి, ఆధార్ లింకు అయిందో లేదో బ్యాంకులో అడగండి. వదిలేసి వెళ్లిన భర్త విషయంలో మరణ ధ్రువీకరణ పత్రం ఉండదు, విడాకుల కాగితమూ ఉండదు. వార్డు మహిళా పోలీసు విచారించి రాసిచ్చిన నివేదిక ఉంటే పని ముందుకు జరుగుతుంది. డబ్బు కొన్నిసార్లు ఆగి ఆగి ఒకేసారి వస్తుంది, కాబట్టి దాన్ని నమ్ముకుని చీటీ కట్టొద్దని తల్లులకు గట్టిగా చెప్పాలి. పిల్లాడు బడి మానేస్తే సాయమూ ఆగుతుంది.

చీటీ మాట వచ్చింది కనుక, ఈ కార్యక్రమాలన్నీ చూడనట్టు పోయేది అప్పు. డైలీ ఫైనాన్స్ వాళ్లు పదివేలు రాసుకుని ఎనిమిదిన్నర వేలు చేతిలో పెడతారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. సాయంత్రం బండి మీద వచ్చేవాడికి వంద ఇవ్వలేని ఇంట్లో పద్నాలుగేళ్లవాడు తెల్లారేసరికి పంక్చర్ షాపులో ఉంటాడు. హాజరు పట్టీ పక్కన ఆ ఇంటి వాయిదాల పుస్తకం పెట్టి చూడండి. కౌన్సెలింగ్‌లో తల్లికి "చదువు విలువ" చెప్పే కేంద్రాలకు మేం మార్కులు తగ్గించాం. పట్టణ పొదుపు సంఘాలను చూసే మెప్మా ఆర్పీని (రిసోర్స్ పర్సన్‌ను) పిలిపించి పొదుపు సంఘం రుణంతో డైలీ ఫైనాన్స్ తీర్పించిన కేంద్రానికి పూర్తి మార్కులిచ్చాం. ఆ ఇళ్ల పిల్లలు బళ్లో నిలిచారు.

గుంటూరులో దీనికి రుతువు కూడా ఉంది. ఫిబ్రవరి నుంచి మిర్చి యార్డు కిటకిటలాడుతుంది, తొడిమలు తీసే పని ఇళ్లలోకే వస్తుంది, పల్లెల్లో కోతలకు కుటుంబాలు కదులుతాయి. సరిగ్గా అప్పుడే పదో తరగతి పరీక్షలు. సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా నడిచే ట్యూషన్ కేంద్రం ఈ నెలల్లో ఖాళీ, ఎందుకంటే తల్లి వచ్చేదాకా చిన్నవాళ్లను చూసేది పెద్దమ్మాయే. చంటిపిల్లలను కూడా వెంట తెచ్చుకోనిచ్చే కేంద్రాల్లో ఆ అమ్మాయిలు మానరు. ఒక చాప, ఒక ఆయా చాలు. పిల్లల చదువుకు ప్రభుత్వం తల్లులకిచ్చే తల్లికి వందనం డబ్బుకు 75 శాతం హాజరు కావాలన్నది కూడా ఈ నెలల్లోనే గుర్తు చేయాలి.

పద్నాలుగు దాటినవాళ్లను ఆరో తరగతి బెంచీ మీద కూర్చోబెడితే మూడో రోజు రాడు. మీసం మొలుస్తున్నవాడికి ఆ సిగ్గు చిన్నది కాదు. వాళ్లకు ఓపెన్ స్కూల్ పదో తరగతి సరైన దారి, పద్నాలుగేళ్లు నిండితే చేరొచ్చు. ఎనిమిది పాసైతే ఐటీఐలో వెల్డర్ ట్రేడు ఉంది. ఎలక్ట్రీషియన్‌కు మాత్రం పది కావాలి. ఈ తేడా చెప్పకుండా "ఐటీఐలో చేర్పిస్తాం" అనే కేంద్రాన్ని నమ్మకండి.

మత్తు విషయంలో రేటింగ్ ఇవ్వలేం, ఎందుకంటే పిల్లలకు విడిగా వార్డులు దొరకడమే కష్టం. పెద్దవాళ్ల డీఅడిక్షన్ వార్డులో పదిహేనేళ్లవాణ్ని వేయొద్దు, అక్కడ కొత్తవి నేర్చుకుని వస్తాడు. పంక్చర్ సొల్యూషన్, వైట్‌నర్ పీల్చేవాళ్లకు మూతి చుట్టూ పుండ్లు, చొక్కా చేతుల్లో ఘాటు వాసన ఉంటాయి. 14416 టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులో మాట్లాడతారు. తల్లి, పిల్లాడు విడివిడిగా మాట్లాడితేనే ఉపయోగం. మళ్లీ పీల్చాడని కేంద్రం వాడి పేరు కొట్టేస్తే అంతకుముందు పడ్డ పాటంతా వృథా. మళ్లీ పడటం ఈ జబ్బు లక్షణం.

ఇంటి సందర్శనల గురించి ఎక్కువ రాయాలి. పిల్లాడు ఇల్లు చేరిన మొదటి వారం రెండుసార్లు, మొదటి నెల వారానికోసారి, ఆ తర్వాత ఆరు నెలల దాకా పదిహేను రోజులకోసారి, అదీ ఒకే మనిషి వెళ్లాలి. మనిషి మారితే పిల్లాడు కథ మళ్లీ మొదట్నుంచి చెప్పడు. వెళ్లాల్సింది రాత్రి ఏడు తర్వాత, లేదంటే ఆదివారం పొద్దున్న. మెడలో ఐడీ కార్డు వేసుకుని జీపులో దిగితే సందంతా బయటికొస్తుంది, తండ్రి తలుపేసుకుంటాడు. బెజవాడకు ఈ పనిలో పాత అనుభవమే ఉంది, ఇక్కడి స్వచ్ఛంద సంస్థలు వాసవ్య మహిళా మండలి 1969లో, నవజీవన్ బాల భవన్ 1989లో మొదలయ్యాయి. అయినా కేంద్రం ఎంత పాతదైనా, చేర్చేముందు ఇంటి సందర్శనల రిజిస్టరు చూపమని అడగండి. సంతకాలన్నీ ఒకే సిరాతో, ఒకే రోజు పెట్టినట్టుంటే లేచి వచ్చేయండి.

ఆపిన బాల్యవివాహాలకూ ఇదే లెక్క. 1098కి చెప్పి ముహూర్తం ఆపించడం ఒక పూట పని. రెండు నెలల తర్వాత మేనత్త ఊళ్లో గుళ్లో తాళి కట్టేయకుండా చూడటమే అసలు పని. ఆ అమ్మాయికి జూన్ లోపు ఇంటర్‌లోనో కస్తూర్బాలోనో సీటు చూపించకపోతే ఇంట్లోవాళ్లను ఆపే మాట మన దగ్గర ఉండదు.

పద్దెనిమిది నిండే పిల్లల విషయంలో పుట్టినరోజు దాకా ఆగకండి. హాస్టల్ వదిలే పిల్లలకిచ్చే ఆఫ్టర్‌కేర్ సాయం కింద 21 ఏళ్ల దాకా నెలకు ₹4,000 వచ్చే వీలుంది. హాస్టల్ నుంచి బయటికొచ్చాక మాత్రం చిరునామా రుజువు ఉండదు, అద్దెకు గది దొరకదు, బ్యాంకులో ఫోన్ నంబరు మార్చడం కుదరదు. మూడు నెలల ముందే దరఖాస్తు పెట్టించి, ఆధార్‌లో నంబరు వార్డెన్‌ది తీసేసి పిల్లాడి సొంతది ఎక్కించండి. ఓటీపీ ఇంకొకరి ఫోన్‌కు వెళ్లే పిల్లాడు ఏ పథకమూ అందుకోలేడు.