మెయిల్ సాఫ్ట్‌వేర్ కొనేవాళ్ళకి జాగ్రత్త: "ఫుల్ కీబోర్డ్ సపోర్ట్" అన్న మాట నమ్మి డబ్బు కట్టకండి

అందరికీ నమస్తే అండి. చెయ్యి నొప్పి వల్ల మౌస్ పట్టుకోలేనివాళ్ళు, చూపు సరిగ్గా లేక కీబోర్డ్ మీదే పని చేసుకునేవాళ్ళు, ఇంట్లో అలాంటివాళ్ళకి మెయిల్ ప్రోగ్రాం కొనిపెడదామని చూస్తున్నవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి, నాకు జరిగింది మీకు జరగకూడదు.

నేను గుంటూరులో మిర్చి ఎక్స్‌పోర్ట్ ఆఫీసులో డాక్యుమెంట్ల పని చూస్తా. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, ఫైటో సర్టిఫికెట్ (సరుకుకి తెగుళ్ళు లేవని ఇచ్చేది), బీఎల్ డ్రాఫ్ట్ (ఓడలో సరుకు ఎక్కించినట్టు ఇచ్చే బిల్ ఆఫ్ లేడింగ్ ముసాయిదా) అన్నీ మెయిల్లోనే నడుస్తాయి, సీజన్లో అయితే పొద్దున సిస్టం ఆన్ చేసేసరికే వందకి పైగా మెయిల్స్ వచ్చి ఉంటాయి. పోయినేడాది కుడి మణికట్టు వాచి గ్లాసు కూడా పట్టుకోలేని స్థితి వస్తే డాక్టర్ గారు మౌస్ బాగా తగ్గించమని గట్టిగా చెప్పారు. విండోస్ తో వచ్చే పాత మెయిల్ యాప్ కి 2024 డిసెంబర్ 31తో సపోర్ట్ ఆపేశారు కదా, సరే ఎలాగూ మారాలి, డబ్బు పెట్టినా పర్లేదు మంచిది తీసుకుందాం అని వెతికా. ఒక కంపెనీ వాళ్ళ పేజీలో ఫుల్ కీబోర్డ్ సపోర్ట్ అని పెద్దక్షరాలతో ఉంది, కింద రెండు పేజీల షార్ట్‌కట్స్ పట్టిక. ట్రయల్లో ఓ నాలుగు మెయిల్స్ చదివి, రెండిటికి రిప్లై ఇచ్చి, బాగానే ఉందనుకుని ఏడాదికి మూడు వేల పైచిలుకు కట్టేశా.

అసలు సంగతి ఇక్కడే ఉందండి. షార్ట్‌కట్స్ ఉండటం వేరు, కీబోర్డ్ తో అన్ని చోట్లకీ వెళ్ళగలగడం వేరు, వెళ్ళాక మనం ఎక్కడున్నామో తెలియడం ఇంకా వేరు. వాళ్ళ దగ్గర ఉన్నది మొదటిది మాత్రమే.

ఫస్ట్ వారంలోనే జరిగింది చెప్తా. తేజ రకం మిర్చి మీద వచ్చిన పాత ఎంక్వైరీ ఒకటి వెతకాలి. సెర్చ్ షార్ట్‌కట్ నొక్కా, పైన సెర్చ్ బాక్స్ తెరుచుకుంది, ఇంగ్లీషులో టీ ఈ జే ఏ అని కొట్టా. బాక్స్ అయితే తెరుచుకుంది గానీ ఫోకస్, అంటే మనం కొట్టే కీ ఎక్కడ పనిచేస్తుందో ఆ చోటు, అందులోకి పోలేదు, ఇంకా మెయిల్ లిస్ట్ లోనే ఉంది. ఆ ప్రోగ్రాంలో ఒక్కో అక్షరం ఒక్కో కమాండ్. టీకి ఏం లేదు, ఈ అంటే ఆర్కైవ్ (ఇన్‌బాక్స్ లోంచి తీసి పక్కన దాచడం), జే అంటే కింద మెయిల్ కి దిగడం, ఏ అంటే రిప్లై ఆల్. అంటే నేను ఒక పేరు టైప్ చేశా అనుకుంటుంటే అక్కడ ఒక బయ్యర్ మెయిల్ ఇన్‌బాక్స్ లోంచి మాయమైపోయి, దాని కింద మెయిల్లో ఉన్నవాళ్ళందరికీ రిప్లై ఆల్ విండో తెరుచుకుంది. ఫోకస్ ఎక్కడుందో చూపించే గీత స్క్రీన్ మీద ఎక్కడా లేదు, ఉన్నా లేత బూడిద రంగు మీద ఇంకో లేత బూడిద. మాయమైన మెయిల్ ఏదో కూడా తెలియక అరగంట వెతుక్కున్నా.

దానికన్నా పెద్ద దెబ్బ ఇంకోటి. లిస్ట్ లో బాణం కీతో ఒక మెయిల్ మీదకి వచ్చి, పక్కన కాగితం మీద రేటు చూసుకుని, రిప్లై నొక్కి, రేటు రాసి పంపించేశా. ఆ కాగితం చూసుకున్న రెండు సెకన్లలో పైన కొత్త మెయిల్ వచ్చింది. లిస్ట్ ఒక వరస కిందకి జరిగింది, ఫోకస్ మాత్రం నేను ఎంచుకున్న మెయిల్ తోపాటు జరగకుండా ఆ పాత వరస మీదే ఉండిపోయింది, ఇప్పుడు ఆ వరసలో ఉన్నది వేరే పార్టీ మెయిల్. ఒకళ్ళకి ఇవ్వాల్సిన రేటు ఇంకొకళ్ళకి పోయింది. ఈ వ్యాపారంలో అలా పోతే ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు. మా సార్ ఇద్దరికీ ఫోన్లు చేసి సర్దిచెప్పుకోవాల్సి వచ్చింది, నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఎందుకిలా అని మా బావమరిదిని అడిగితే (సాఫ్ట్‌వేర్ లో టెస్టింగ్ చేస్తాడు) విప్పి చూసి చెప్పాడు. ఇప్పుడొచ్చే చాలా మెయిల్ ప్రోగ్రాములు నిజానికి ఒక ఫ్రేమ్ లో పెట్టిన వెబ్ పేజీలేనంట. మామూలు బటన్ అయితే ట్యాబ్ దానంతటదే అక్కడ ఆగుతుంది, వీళ్ళేమో ఉత్త డబ్బాకి బటన్ బొమ్మ వేసి, మౌస్ క్లిక్ కి పనిచేసేలా మాత్రం రాశారు. అందుకే అటాచ్‌మెంట్ పక్కన ఉన్న సేవ్ గుర్తు దగ్గరికి ట్యాబ్ ఎన్నిసార్లు కొట్టినా పోదు, ఆ బీఎల్ డ్రాఫ్ట్ దించుకోవడానికి మళ్ళీ మౌసే. లిస్ట్ కూడా అంతే, వేల మెయిల్స్ ఒకేసారి గీయకుండా కనపడే వరసలనే మార్చి మార్చి వాడతారు, ఫోకస్ ని మెయిల్ కి కట్టకుండా వరసకి కడితే నాకు జరిగినట్టే జరుగుతుంది. వెబ్ యాక్సెసిబిలిటీకి డబ్ల్యూసీఏజీ అని నియమాలున్నాయి, 2008లో వచ్చిన 2.0లోనే ప్రతి పనీ కీబోర్డ్ తో అవ్వాలి, ఫోకస్ ఎక్కడా ఇరుక్కోకూడదు, అదెక్కడుందో కంటికి కనపడాలి అని రాసుంది. 2018లో వచ్చిన 2.1లో ఒంటి అక్షరం షార్ట్‌కట్స్ ఉంటే వాటిని ఆపేసుకునే వీలైనా ఇవ్వాలని చేర్చారు. మా ప్రోగ్రాం సెట్టింగ్స్ లో ఆ వీలు లేనే లేదు.

సపోర్ట్ కి మూడుసార్లు రాశా. మొదటిసారి షార్ట్‌కట్స్ పట్టిక లింక్ పంపారు. రెండోసారీ అదే లింక్. మూడోసారి, లైసెన్స్ యాక్టివేట్ అయ్యాక రిఫండ్ ఉండదని షరతుల్లో ఉంది చూసుకోండి అన్నారు.

మీరు ఏది కొన్నా సరే, ట్రయల్లో మౌస్ కేబుల్ పీకేసి ఒక పూటంతా మీ నిజం పని చేసి చూడండి. ఎఫ్6 కొడితే ఫోల్డర్లు, లిస్ట్, మెయిల్ మధ్య తిరుగుతోందా. వరసగా మూడు మెయిల్స్ డిలీట్ చేస్తే ఫోకస్ పక్క మెయిల్ మీద ఆగుతోందా, లిస్ట్ మొదటికి ఎగిరిపోతోందా. మెయిల్ రాసే చోట్లోంచి షిఫ్ట్ ట్యాబ్ తో సబ్జెక్ట్ కి వెనక్కి రాగలుగుతున్నారా. షిఫ్ట్ ఎఫ్10 కొడితే రైట్ క్లిక్ మెనూ వస్తోందా, ఎస్కేప్ కొట్టి మూస్తే ఫోకస్ పాత చోటికే వస్తోందా. ఫోన్ నుంచి మీకు మీరే ఒక మెయిల్ పంపుకుని, అది వచ్చే క్షణంలో లిస్ట్ ని కళ్ళార్పకుండా చూడండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. తెలుగులో టైప్ చేసేవాళ్ళు ఇన్‌స్క్రిప్ట్ (తెలుగు కీబోర్డ్ లేఅవుట్) ఆన్ లో పెట్టి కూడా చూడండి, అందులో జే కీ 'ర' అయిపోతుంది కాబట్టి నా ప్రోగ్రాంలో అక్షరాల షార్ట్‌కట్స్ అన్నీ చచ్చిపడ్డాయి. చూపు లేనివాళ్ళ కోసం అయితే స్క్రీన్ మీదున్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితమే, అది వేసుకుని ప్రతి బటన్ పేరు చదువుతోందా, ఉత్తినే "బటన్, బటన్" అంటోందా వినండి.

ఇప్పటికే కట్టేసినవాళ్ళు ఆటో రెన్యువల్ చూసుకోండి. కార్డు నుంచి ఏటా కట్ అయ్యేదైతే కనీసం 24 గంటల ముందు బ్యాంకు నుంచి మెసేజ్ రావాలని రిజర్వ్ బ్యాంకు రూల్ ఉంది, ఆ మెసేజ్ వచ్చేదాకా ఆగకుండా బ్యాంకు యాప్ లో మాండేట్ (ఆటోమేటిగ్గా కట్ చేసుకోవడానికి మనమిచ్చిన అనుమతి) రద్దు చేసేయండి, నేనదే చేశా. కన్జ్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కూడా కంప్లైంట్ పెట్టా, ఇంకా జవాబు రాలేదు.

ప్రస్తుతం థండర్‌బర్డ్ కి మారా, ఉచితం. ఎన్ కొడితే చదవని మెయిల్ కి పోతుంది, ఎఫ్6తో అటూ ఇటూ తిరుగుతుంది, కంట్రోల్ ఎంటర్ తో పంపబోతే నిజంగా పంపమంటారా అని ఒకసారి అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న అక్కడ ఉండుంటే ఆ రేటు వేరేవాళ్ళకి పోయేది కాదు. అన్నట్టు డబ్బు కట్టిన ఆ ప్రోగ్రాంలో ఫోల్డర్లు ఎక్స్‌పోర్ట్ చేసుకునే బటన్ కూడా మౌస్ కే పలుకుతుంది, రెండు సాయంత్రాలు ఎడమ చేత్తో మౌస్ పట్టుకుని ఒక్కో ఫోల్డరూ దించుకున్నా, ఇంకా పదకొండు ఉన్నాయి.