పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్: నన్ను ఒడ్డున పడేసింది టైమ్‌షిఫ్ట్

పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నానంటే, స్పీడ్ పెరిగిందా అని అడుగుతారు అందరూ. పెరిగింది. కాకపోతే పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్‌ఎస్‌డీ వేయించింది కూడా అప్పుడే, కాబట్టి ఆ పేరంతా మింట్‌కు ఇవ్వలేను. నేను రాయాలనుకున్నది టైమ్‌షిఫ్ట్ గురించి. మింట్‌తో పాటే వచ్చే ఈ ప్రోగ్రాం, సిస్టమ్ బాగున్న రోజు దాని కాపీ ఒకటి దాచిపెట్టి, పాడైన రోజు మనల్ని అక్కడికి తీసుకెళ్తుంది. ఇన్‌స్టాల్ చేసినప్పుడు దీన్ని ఆన్ చేసి మర్చిపోయాను కూడా.

మాది హనుమకొండ నయీంనగర్‌లో చిన్న ఆన్‌లైన్ సెంటర్. చుట్టూ కాలేజీలు, హాస్టళ్లు. అప్లికేషన్లు, హాల్ టికెట్లు, జిరాక్సులు, ఇదే పని. డెస్క్‌టాప్ ఒకటి, ఐదో తరం ఐ3 ల్యాప్‌టాప్ ఒకటి ఉన్నాయి. ఇంటెల్‌లో ఎనిమిదో తరం కంటే పాత ప్రాసెసర్లు, ఒకటీ అరా తప్ప, విండోస్ 11 జాబితాలోకి రావు. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోతుందని ముందే చెప్పారు. నలుగురి ఆధార్ కార్డులు, మార్కుల మెమోలు స్కాన్ చేసే మెషీన్‌ను అప్‌డేట్లు లేకుండా నడపాలంటే నాకు మనసొప్పలేదు. గడువు దాకా ఆగకుండా మింట్ 22లో పాత మెషీన్లకు తేలికగా ఉండే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం వేసుకున్నాను. దానికి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి.

ఈ ల్యాప్‌టాప్‌లో ఉన్న వైఫై చిప్‌తోనే అసలు తంటా. దాన్ని నడిపే ప్రోగ్రాం, అంటే డ్రైవర్, లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో ఉండదు, కంపెనీ ఇచ్చింది విడిగా వేసుకోవాలి. సెక్యూర్ బూట్ (గుర్తింపు లేని సాఫ్ట్‌వేర్‌ను మొదలవ్వనివ్వని కాపలా) ఆన్‌లో ఉంటే ఇంకో మెలిక: ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్ అవగానే నీలం రంగు తెర వస్తుంది, అందులో ‘ఎన్‌రోల్ మాక్’ (Enroll MOK) ఎంచుకుని అదే పాస్‌వర్డ్ కొట్టాలి. ఆ తెర కొన్ని సెకన్లే ఉంటుంది. టీ తాగడానికి బయటికి వెళ్తే అది వచ్చి పోతుంది, వైఫై మాత్రం రాదు. ఇది దాటాక నెలల తరబడి ఏ గొడవా లేదు.

తర్వాత ఈఏపీసెట్ హాల్ టికెట్లు పెట్టిన వారం వచ్చింది. పొద్దున షట్టర్ తీసి ల్యాప్‌టాప్ ఆన్ చేస్తే కింద మూలన వైఫై గుర్తు మాయం. కనెక్షన్ తెగిపోవడం కాదు, ఈ మెషీన్‌కు వైఫై అనేదే లేనట్టు నెట్‌వర్క్ మెనూ ఖాళీగా ఉంది. ముందు రోజు రాత్రి కట్టేసే ముందు అప్‌డేట్లు వేశాను, వాటిలో కొత్త కెర్నల్ ఉంది. కెర్నల్ మారినప్పుడల్లా ఆ విడి డ్రైవర్ దానికి తగ్గట్టు మళ్లీ తయారవ్వాలి. మామూలుగా డీకేఎంఎస్ అనే ఏర్పాటు ఆ పని మన దాకా రాకుండా చేసేస్తుంది. ఈసారి అది ఎర్రర్ కొట్టి ఆగిపోయింది.

డెస్క్‌టాప్ మీద మా ఆవిడ ఎవరిదో క్యాస్ట్ సర్టిఫికెట్ అప్లికేషన్ మధ్యలో ఉంది. పరకాల నుంచి వచ్చిన ఒక పెద్దాయన, కూతురిని పక్కన నిలబెట్టుకుని, “తమ్మీ, ఎంసెట్ హాల్ టికెట్ జర జల్ది తియ్యి, మళ్ల బస్సుకు పోవాలె” అంటున్నాడు. టెన్షన్ ఉండదా మరి! ఫోన్‌కు డేటా కేబుల్ పెట్టి యూఎస్‌బీ టెథరింగ్ నొక్కాను. ఏ డ్రైవరూ అడక్కుండా నెట్ వచ్చేసింది. హాల్ టికెట్ డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్‌తో డెస్క్‌టాప్‌లో ప్రింట్ తీసిచ్చాను. మధ్యాహ్నం దాకా ఫోన్ డేటాతోనే నెట్టుకొచ్చాను.

జనం పలచబడ్డాక టైమ్‌షిఫ్ట్ తెరిస్తే తేదీలతో వరసగా కాపీలు కనిపించాయి. అప్‌డేట్‌కు ముందుది ఎంచుకుని రీస్టోర్ నొక్కాను. నల్లటి తెర మీద అక్షరాలు గబగబా పరిగెత్తాయి, కాసేపటికి అదే రీస్టార్ట్ అయింది. వైఫై గుర్తు దాని చోట అది ఉంది. నా భయమంతా పొద్దుటి నుంచి స్కాన్ చేసిన మెమోలు ఏమయ్యాయోనని. అవి కూడా డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో చెక్కుచెదరలేదు, ఎందుకంటే సిస్టమ్ ఫైళ్లనే అది వెనక్కి తిప్పుతుంది, హోమ్ ఫోల్డర్ జోలికి పోదు. విండోస్ పాడైన ప్రతిసారీ మెషీన్ రిపేర్ షాపులో ఇచ్చి, ‘డేటా పోతది, ఫార్మాట్ కొట్టాల్సిందే’ అనే మాట విని వచ్చిన నాకు ఆ రోజు పండగే.

పొగడడం అయింది కాబట్టి మిగతాదీ చెప్పాలి. హోమ్ జోలికి పోదంటే, పొరపాటున చెరిపేసిన ఫొటో కూడా టైమ్‌షిఫ్ట్‌తో తిరిగి రాదని అర్థం. వాటి బ్యాకప్ మనమే వేరే డిస్క్‌లో పెట్టుకోవాలి. చోటు కూడా బాగానే తింటుంది. మొదటి కాపీ పెద్దది. ఆ తర్వాతివి మారిన ఫైళ్ల మేరకే పెరుగుతాయి గానీ, ఫ్లాట్‌ప్యాక్ యాప్‌లు (తమకు కావలసిన ఫైళ్లు చాలావరకు వెంట తెచ్చుకునే రకం) ఎక్కువుంటే అవీ అందులో చేరతాయి. మా ఎస్‌ఎస్‌డీ చిన్నది, ఒకరోజు ‘డిస్క్ నిండింది’ అని కూర్చుంది. రోజువారీవి రెండు, వారానిది ఒకటి ఉంచి మిగతావి తీసేశాను.

పైగా ఆ రోజు వచ్చిన సమస్యకు అంత దూరం పోనక్కర్లేదని తర్వాత తెలిసింది. ఆన్ చేసేటప్పుడు ఎస్కేప్ నొక్కితే, దేనితో మొదలవ్వాలో అడిగే గ్రబ్ మెనూ వస్తుంది, అందులో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్తే పాత కెర్నల్ అక్కడే ఉంటుంది. దాంతో బూట్ చేస్తే వైఫై ఉంటుంది, ఒక్క నిమిషం పని. రీస్టోర్ చేసినా అప్‌డేట్ మేనేజర్ మర్నాడు అదే కెర్నల్‌ను మళ్లీ ముందు పెడుతుంది. దాని మీద రైట్ క్లిక్ చేసి ‘ఇగ్నోర్’ అని చెప్పేదాకా వదలదు.

ప్రింటర్ సంగతి మాత్రం నేటికీ తేలలేదు. మా లేజర్ ప్రింటర్ మింట్‌లో ఒకరోజు పలుకుతుంది, రీస్టార్ట్ చేశాక ప్రింట్లన్నీ క్యూలో నిలబడిపోతాయి. విసుగొచ్చి దాన్ని డెస్క్‌టాప్‌కే కట్టేశాను. వేలిముద్ర మెషీన్ కూడా అటే. శుభలేఖలు, కరపత్రాలు విండోస్‌లో నడిచే ‘అను స్క్రిప్ట్’ అనే తెలుగు సాఫ్ట్‌వేర్‌లో కొట్టే డీటీపీ మిత్రులకు దీన్ని అంటగట్టను. యూనికోడ్ తెలుగు టైపింగ్‌కు అయితే ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాంలో ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ పెట్టుకున్నాను, హాయిగా సాగుతోంది.

పక్కన విండోస్ డెస్క్‌టాప్ ఉంది కాబట్టి నాకు నడుస్తోంది. ఉన్నది ఒక్క మెషీనే అయితే ఇంత ధీమాగా రాసేవాణ్ని కాదేమో. మొన్న కాజీపేట నుంచి మా బామ్మర్ది ఫోన్ చేసి, “బావా, నా ల్యాప్‌టాప్‌కు కూడా ఎక్కియ్యి” అన్నాడు. ఎక్కించేది తర్వాత, ముందు మింట్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ఇన్‌స్టాల్ నొక్కకుండా వైఫై వస్తుందా, నీ ప్రింటర్ ఒక కాగితం తీస్తుందా చూసి చెప్పమన్నాను. వైఫై వచ్చిందట. ప్రింటర్ కేబుల్ ఎక్కడో పెట్టాడు, వెతుకుతున్నాడు.