అక్క డబ్బు, బావ డబ్బు, నెల్లూరులో రెండు రాత్రులు

నెల్లూరులో ఆగాలని మేం అనుకోలేదు. కువైట్ నుంచి వచ్చే బావని చెన్నై ఎయిర్‌పోర్టులో ఎక్కించుకుని, అక్కడే మేనకోడలి పెళ్లికి చీరలూ కాస్త బంగారమూ కొని, రాత్రి భోజనాలకి సింగరాయకొండ చేరిపోవాలి. అదీ లెక్క. 2024 ఏప్రిల్. నెలాఖరుకి శుక్రమూఢం వస్తోందని ముహూర్తం ముందుకు లాగారు గానీ, మార్చి 16 నుంచే ఎన్నికల కోడ్ నడుస్తోందన్న సంగతి ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు.

ముందు ఎయిర్‌పోర్టు సంగతి. బావ దగ్గర 1,800 దినార్లు నోట్ల రూపంలో ఉన్నాయి. డాలర్లలో చూస్తే 5,800 పైమాటే. విదేశీ నోట్లు 5,000 డాలర్లు దాటినా, నోట్లూ ట్రావెలర్స్ చెక్కులూ కలిపి 10,000 దాటినా కస్టమ్స్‌కి చెప్పి ఫారం రాసివ్వాలి. ఎంత తెచ్చుకున్నా తప్పులేదు, చెప్పకుండా తేవడమే తప్పు. మన రూపాయలకైతే పరిమితి ఉంది, 25,000 దాటకూడదు. "గ్రీన్ ఛానల్లోంచి నడిచి వచ్చెయ్, ఎవడు చూడొచ్చాడు" అని కువైట్ రూములో వాళ్లు నూరిపోశారంట. చెప్పాల్సిందేం లేనివాళ్లు పోయే దారి అది. బావ వినలేదు, చెప్పాల్సింది ఉన్నవాళ్లు పోయే రెడ్ ఛానల్‌కే నేరుగా పోయాడు. ఎంత ఉంది, ఎవరిది, ఏం పని చేస్తావు, దేనికి తెస్తున్నావు అని నాలుగు ప్రశ్నలు అడిగారు. జీతం కాగితాలు చూశారు, ఫారం మీద ముద్ర కొట్టారు. పట్టింది ఇరవై నిమిషాలు. ఆ ఫారం పారేయకండి. అంత మొత్తం నోట్లు ఎన్ఆర్ఈ ఖాతాలో (విదేశాల్లో ఉండేవాళ్లు ఇక్కడి బ్యాంకులో తెరిచే ఖాతా) వేయబోతే బ్యాంకు అడిగేది దాన్నే.

ఎప్పుడైనా పక్కకి పిలిచి సోదా చేస్తామంటే మాత్రం రెండు సంగతులు గుర్తుండాలి. 1962 నాటి కస్టమ్స్ చట్టం ప్రకారం ఒంటి మీద దాచారన్న నమ్మకం కలిగితే వెతికే అధికారం వాళ్లకి ఉంది. కానీ గెజిటెడ్ అధికారి దగ్గరికో మేజిస్ట్రేట్ దగ్గరికో తీసుకెళ్లమని అడిగే హక్కు మనకీ ఉంది. ఆడవాళ్లని ఆడవాళ్లే వెతకాలి.

900 దినార్లు టి.నగర్లో మార్చాం. లోపలి కౌంటర్లో చెప్పిన ధర కంటే దినారుకి పది రూపాయల పైనే ఎక్కువొచ్చింది, కాబట్టి ఎయిర్‌పోర్టులో టాక్సీకి సరిపడా మార్చుకుంటే చాలు. 2 లక్షల 40 వేలకి దగ్గరగా వచ్చాయి, రసీదుతో సహా. చీరలు కొన్నాం. బంగారం కొట్లో తరుగు లెక్క చెప్పేసరికి అక్క లేచి నిలబడింది. "ఒంగోల్లో మన ఆచారి చేత చేయించుకుందాం పదండి" అంది. ఆ ఒక్క మాటతో ఆమె ఇంటి నుంచి తెచ్చిన 1,35,000 ఖర్చు కాకుండా హ్యాండ్‌బ్యాగులోనే మిగిలింది.

తడ దాటి చాలా దూరం వచ్చేశాం. నెల్లూరు ఇంకాసేపట్లో వస్తుందనగా హైవే మీద అడ్డంగా ఎన్నికల తనిఖీ బారికేడ్లు. టెంటు కింద ఒక అధికారి, నలుగురు పోలీసులు, వీడియో తీసే కుర్రాడు. బావ బ్యాగు తెరిచారు. కస్టమ్స్ ఫారం, మార్పిడి రసీదు, పాస్‌పోర్టు వరసగా చూసి రెండు నిమిషాల్లో జిప్పు వేసి ఇచ్చేశారు. అక్క బ్యాగు దగ్గరికొచ్చేసరికి బండి ఆగింది. మహిళా సిబ్బంది లేకుండా ఆడవాళ్ల పర్సు చూడకూడదని ఎన్నికల సంఘం నిబంధన. దాన్ని పాటించారు, కాదనను. ఆ వచ్చే మహిళా కానిస్టేబుల్ కోసం మేం దోమల్లో యాభై నిమిషాలు కూర్చున్నాం.

ఈనాడు పేపర్లో చుట్టిన కట్ట బయటికి తీశారు. అయిదువందలు, రెండువందలు, సగం పైగా వందలు. పంచడానికి చిల్లరగా పెట్టుకున్న డబ్బులాగే ఉంది మరి, వాళ్ల కంటికి.

"ఎవరిచ్చారమ్మా ఇంత?"

"ఎవరో ఇచ్చేదేంది సార్? నా గేదెలిచ్చినయ్."

అధికారి నవ్వాడు గానీ రాయడం ఆపలేదు. పాల డబ్బు, చీటీ పాడిన డబ్బు, పుట్టింటి వాళ్లు పండక్కి చేతిలో పెట్టినవి. వీటికి కాగితాలు ఎక్కడివి? కట్ట మొత్తం జప్తు చేశారు. కువైట్ దినార్లు దేశాలు దాటి దర్జాగా వచ్చాయి, సింగరాయకొండ పాల డబ్బు మాత్రం నెల్లూరు జిల్లా దాటలేకపోయింది.

"యాభై వేలు దాటితే సీజ్ అంతే" అని మా డ్రైవరు ముందు నుంచీ అంటున్నాడు. అందరూ అనే మాటే. తర్వాత ఆ నిబంధన తీసి చదివితే అందులో ఉన్నది వేరు. అభ్యర్థి గానీ, ఏజెంటు గానీ, పార్టీ కార్యకర్త గానీ ఉన్న బండిలో, లేదా పోస్టర్లూ ప్రచార సామగ్రీ ఉన్న బండిలో 50,000 దాటి దొరికితే జప్తు. 10 లక్షలు దాటితే, నేరం వాసన లేకపోయినా, ఆదాయపు పన్ను శాఖకి కబురు. మామూలు మనిషి యాభై వేలు మించి జేబులో పెట్టుకోకూడదని ఏ చట్టమూ అనలేదు. కానీ హైవే మీద చీకట్లో ఆ వాదన నెగ్గదు. అక్కడ రెండే పనులు చేయండి: నోట్ల లెక్క రాసిన రసీదు తీసుకోండి, అప్పీలు ఎవరికి చేసుకోవాలో అందులో రాశారో లేదో చూడండి. మాకు రాసిచ్చారు. అదే మమ్మల్ని కాపాడింది.

అలా అప్పీలు కోసం నెల్లూరులో దిగాం. మొదటి రాత్రి రైల్వే స్టేషన్ పక్కన ఒక లాడ్జి, రూము 800. మంచం బాగుంది, దుప్పటి బాగాలేదు, తెల్లారేసరికి కుళాయిలో నీళ్లు లేవు. రెండో రోజు ఆర్టీసీ బస్టాండు వైపు మారాం. 1,500 తీసుకున్నా ఏసీ పనిచేసింది, కిందే టిఫిన్. కుటుంబంతో వెళ్లేవాళ్లకి ఆ వైపే మేలు. ఆటోలు మాత్రం ఎక్కడైనా ఒకటే, బేరం ఆడకపోతే డబుల్.

తిండి విషయంలో నెల్లూరుని ఒక్క మాట అనలేం. పొద్దున కారం దోశ. మధ్యాహ్నం ఒక చిన్న మెస్సులో మామిడికాయ ముక్కలేసిన బొమ్మిడాయిల పులుసు. ముందురోజు రాత్రి నుంచి మాట్లాడని అక్క ఆ పులుసు దగ్గర నోరు విప్పింది, "చింతపండు కొంచెం ఎక్కువైంది" అని. సాయంత్రం రంగనాయకులపేటలో తల్పగిరి రంగనాథస్వామి దర్శనం చేసుకుని, గుడి వెనక పెన్న గట్టున కూర్చున్నాం. మైపాడు బీచికి పోదామన్నాడు బావ. ఎవరికీ మనసు లేదు.

అప్పీలు వినేది ముగ్గురి కమిటీ: జడ్పీ సీఈవో స్థాయి అధికారి, ఎన్నికల ఖర్చు చూసే నోడల్ అధికారి, జిల్లా ట్రెజరీ అధికారి. కేసు లేకుండా, ఏ అభ్యర్థితోనూ పార్టీతోనూ సంబంధం లేకపోతే డబ్బు వెంటనే వదిలెయ్యాలి. ఏ కేసూ పెట్టకుండా పోలింగ్ అయ్యాక వారం దాటి ఉంచుకోకూడదు. ఇవన్నీ మాకు చెప్పింది ఆఫీసు బయట అర్జీలు రాసే పెద్దాయన. వంద తీసుకున్నాడు, వెయ్యి రూపాయల పని చేశాడు.

మా చిన్నోడు ఇంటి నుంచి ఫోన్లో పంపిన ఫోటోలు ప్రింటు తీయించాం. పాలకేంద్రం వాళ్ల పుస్తకం, చీటీ పుస్తకంలో అక్క పేరున్న పేజీ, పెళ్లి పత్రిక. పాల పుస్తకంలో పూటపూటకీ లీటర్లు, వెన్న శాతం, రూపాయలు, అన్నీ రెండేళ్ల నుంచి వరసగా ఉన్నాయి. కమిటీలో ఒకాయన అది తిప్పి తిప్పి చూసి, "మా ఆఫీసు లెడ్జరు కంటే శుభ్రంగా ఉందమ్మా" అన్నాడు. మూడో రోజు మధ్యాహ్నానికి డబ్బు చేతికొచ్చింది. అక్క అక్కడే బల్ల మీద లెక్కపెట్టుకుంది. ఒక్క నోటూ తగ్గలేదు.

దారిలో మలై కాజా కొందామని ఆపాం. రెండు కిలోలు తూయించి, డబ్బులిచ్చి, అక్క కౌంటర్ దగ్గర్నుంచి కదల్లేదు.

"బిల్లియ్యి అబ్బాయ్," అంది.